సైబీరియా కొంగ ఏది, మన కొంగ ఏది: నెల్లూరు, ప్రకాశం వైపు కొంగల్ని చూడటం, గూళ్ళు కాపాడటం ఎలా

మా ఊళ్ళో పెద్ద కొంగ ఏది కనపడినా సైబీరియా కొంగే. చింతచెట్టు మీద గూడు కట్టే ఎర్రకాళ్ళ కొంగ (పెయింటెడ్ స్టార్క్) సైబీరియా నుంచే వచ్చిందంటారు, నత్తగుల్ల కొంగ (ఓపెన్‌బిల్) కూడా అక్కడిదే, ఆఖరికి గూడబాతు (పెలికాన్) కూడా. ఈ మూడూ మన దేశం పక్షులే. నీళ్ళు, చేపలు ఎక్కడుంటే అక్కడికి తిరుగుతుంటాయి. అక్టోబరు, నవంబరు వానలకు మన చెరువులు నిండగానే వచ్చి గూళ్ళు పెట్టి, పిల్లలు ఎగిరాక ఎండలు ముదిరే ముందు వెళ్ళిపోతాయి. నిజంగా ఉత్తరాన చలి దేశాల నుంచి వచ్చేది నల్లకొంగ, బ్లాక్ స్టార్క్ అంటారే అది. అదొస్తే ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఒకటో రెండో వస్తాయి, మనుషులున్న వైపుకు రావు, మన దగ్గర గూడు పెట్టవు.

అందుకని మీ ముందు రెండు వేరు వేరు పనులున్నాయి. నల్లకొంగను చూడాలి, రాసిపెట్టుకోవాలి, దాని మానాన దాన్ని వదిలేయాలి. మనం గూళ్ళకు కాపలా కాయాల్సింది ఎర్రకాళ్ళ కొంగకు, గూడబాతుకు. నాలుగైదేళ్ళుగా తప్పులు చేసుకుంటూ నేర్చుకున్నది వరసగా చెప్తాను.

ముందు గుర్తుపట్టడం నేర్చుకోండి

మొదటి ఏడాది నేను పెన్న ఇసుకలో నల్లటి కొంగ ఒకటి చూసి, ఫోన్‌తో మసక మసకగా ఫొటో తీసి, నల్లకొంగ దొరికిందని వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. ఒంగోలు నుంచి ఒకన్న "తమ్ముడూ, మెడ చూడు" అని ఒక్క మాట రాశాడు. చూస్తే మెడ దూదిలా తెల్లగా ఉంది. అది ఊలీ నెక్డ్ స్టార్క్, మనం తెల్లమెడ కొంగ అనుకుందాం, మన దేశంలోనే ఉంటుంది. ఆ పూటంతా ఫోన్ తీయలేదు నేను.

నల్లకొంగకు తల, మెడ, రొమ్ము పైభాగం, రెక్కలు అన్నీ నలుపే. ఎండ పడితే ఆ నలుపులో ఆకుపచ్చ, ఊదా మెరుపు కనపడుతుంది. పొట్ట మాత్రం తెలుపు. ముక్కు, కాళ్ళు, కంటి చుట్టూ ఎరుపు. ఎగిరేటప్పుడు కింద నుంచి చూస్తే రెక్కలు నల్లగా, పొట్టా చంకలూ తెల్లగా ఉంటాయి. పిల్ల కొంగైతే ఒంటి నలుపు వెలిసినట్టు గోధుమ రంగు కలిసి ఉంటుంది, ముక్కూ కాళ్ళూ ఎర్రగా ఉండవు, బూడిద ఆకుపచ్చ. ముక్కు కొడవలిలా కిందికి వంగి ఉంటే అది అసలు కొంగే కాదు, కంకణం పిట్ట. ఇంకొక మోసం ఉంది. సూర్యుడు పక్షి వెనక ఉంటే ఏ కొంగైనా నల్లకొంగలాగే ఉంటుంది. కాబట్టి పొద్దున మీరు తూర్పు వైపు నిలబడండి, వెలుతురు మీ వీపు మీద పడాలి.

బైనాక్యులర్ ఒకటి కావాలి. ఎనిమిది రెట్లు చూపించేది చాలు, అంతకంటే ఎక్కువైతే చేయి వణికి బొమ్మ ఊగుతుంది. మూడు నాలుగు వేలకు వచ్చే ఆట సామాను కొనే బదులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక మంచిది కొనుక్కోవడం మేలు.

నల్లకొంగ కోసం ఎప్పుడు, ఎక్కడ

నవంబరు నుంచి మార్చి మధ్య. లోతు లేని తేట నీళ్ళు, చేపపిల్లలు, చుట్టూ మనుషుల అలికిడి లేకపోవడం, ఈ మూడూ ఉన్న చోట వెతకాలి. అంటే నది పాయలు, రిజర్వాయరు నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే అంచులు, అడవిని ఆనుకుని ఉన్న చెరువులు. సోమశిల, కండలేరు, గుండ్లకమ్మ, కంభం చెరువు, వెలిగొండల కింద ఉండే చిన్న చిన్న చెరువులు, ఇట్లాంటి చోట్ల ఓపికగా తిరగాలి. తిరిగితే కనపడుతుందని గ్యారంటీ ఏమీ ఇవ్వను, మన వైపు అది అరుదు. నాకు ఇన్నేళ్ళలో ఒకేసారి కనపడింది. ఎక్కడో చెప్పను, ఎందుకు చెప్పనో కింద వస్తుంది.

తెల్లవారిన దగ్గర నుంచి ఎనిమిది, ఎనిమిదిన్నర దాకా అది నీళ్ళలో మేత వెతుక్కుంటుంది. తర్వాత తల ఎత్తి ఆకాశం చూడండి. ఇంత పెద్ద పక్షి, రెక్కలు చాపితే మీటరున్నర, రెక్కలు కొట్టుకుంటూ వేల కిలోమీటర్లు పోలేదు. నేల వేడెక్కి వేడి గాలి పైకి లేచేటప్పుడు దాని మీదెక్కి గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకు పోయి, అక్కడి నుంచి జారుడుబండ మీద జారినట్టు ముందుకు సాగుతుంది. అందుకే వలస పోయే రోజుల్లో, ముఖ్యంగా ఫిబ్రవరి చివర, మార్చిలో, పొద్దున పది నుంచి మధ్యాహ్నం దాకా గద్దలు చుట్టు తిరిగే చోటల్లా చూడాలి. గద్దల మధ్యలో మెడ చాపుకుని, కాళ్ళు వెనక్కి చాపుకుని తిరిగేది ఉందంటే అది స్టార్క్ జాతి కొంగై ఉండవచ్చు. పొలాల్లో కనపడే మామూలు తెల్లకొంగ మెడ మడుచుకుని ఎగురుతుంది, తేడా దూరం నుంచే తెలుస్తుంది.

దూరం సంగతి. కనీసం రెండు వందల మీటర్లు ఆగండి. మేత ఆపి మెడ నిటారుగా పెట్టి మీ వైపు చూసిందంటే మీరు ఇప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చినట్టు, అక్కడే కూర్చోండి, లేదా వెనక్కి నడవండి. గూడు పెట్టే దేశాల్లో దీన్ని ఎంత గట్టిగా పట్టించుకుంటారో వింటే ఆశ్చర్యం వేస్తుంది. పోలండ్‌లో నల్లకొంగ గూడు చుట్టూ రెండు వందల మీటర్ల లోపల ఏడాదంతా ఆంక్షలుంటాయి, మార్చి 15 నుంచి ఆగస్టు 31 దాకా ఆ గీత అయిదు వందల మీటర్లకు జరుగుతుంది. ప్రపంచం మొత్తం లెక్కలో నల్లకొంగ అంతరించిపోయే జాబితాలో లేదు, కానీ ఎస్తోనియా, లాత్వియా లాంటి చోట్ల బాగా తగ్గిపోయింది. పెద్ద వయసు చెట్లున్న ప్రశాంతమైన అడవి, పక్కన వాగు, ఇవి రెండూ పోతే అది గూడు పెట్టదు.

కనపడితే ఇవి రాసుకోండి: తేదీ, టైము, చోటు, ఎన్ని, పెద్దవా పిల్లలా, ఏం చేస్తున్నాయి, పక్కన ఏ పక్షులున్నాయి. కాలికి ఉంగరం ఉంటే దాని రంగు, మీద అక్షరాలు, ఏ కాలికి ఉందో కూడా. తర్వాత పక్షుల్ని చూసిన లెక్కలు పెట్టే ఈబర్డ్ యాప్‌లో పెట్టండి. జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ అని నీటి పక్షుల లెక్క జరుగుతుంది, 1987 నుంచి ఏటా జరుగుతున్నది. మీ చెరువును ఎవరూ లెక్కపెట్టకపోతే ఆ పని మీరే చేయవచ్చు. ఏమీ కనపడని రోజు కూడా "లేదు" అని రాయండి, అదీ లెక్కే.

ఇక గూళ్ళు

నేలపట్టు గురించి అందరికీ తెలుసు. 1976లో పక్షుల అభయారణ్యం అయింది, 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది, అయినా మా వాళ్ళకు అది ఇప్పటికీ నెల్లూరే. అక్కడ నీళ్ళలో నిలబడ్డ కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెడతాయి, కాపలాకు అటవీశాఖ ఉంది. నేను చెప్పేది ఊళ్ళ మధ్య ఉండే గూళ్ళ గురించి, అంటే చింతచెట్టు, తుమ్మచెట్టు, చెరువు నడుమ దిబ్బ. వీటికి గేటు లేదు, బోర్డు లేదు. ఊరి వాళ్ళు కాపాడితే ఉంటాయి.

మొదటి వారం ఏమీ చేయకండి, ఒక చోటు మాత్రం ఎంచుకోండి. చెట్టుకు వంద మీటర్లకు తగ్గకుండా, కట్ట మీదో మిద్దె మీదో, అన్ని గూళ్ళూ కనపడేటట్టు. ప్రతిసారీ అక్కడి నుంచే, అదే టైముకు చూడాలి, వారానికి ఒకసారి చాలు. రోజూ పోయి చెట్టు కింద నిలబడి "ఎన్నయినాయి" అని తల ఎత్తేవాళ్ళు గూళ్ళకు చేటే చేస్తారు. నోటు పుస్తకంలో చెట్టు బొమ్మ గీసి గూళ్ళకు నంబర్లు వేసుకోండి, చెట్టుకు మేకులు కొట్టి నంబర్లు వేయొద్దు. ప్రతి గూటికీ పుల్లలు తెస్తున్నాయా, పొదుగుతున్నాయా, పిల్లలు కనపడ్డాయా, ఖాళీ అయిందా అని ఒక్క మాట చాలు. ఎర్రకాళ్ళ కొంగ నెల రోజులు అటూ ఇటుగా పొదుగుతుంది, పిల్ల ఎగరడానికి ఇంకో రెండు నెలలు. అంటే డిసెంబరు మొదట్లో పొదగడం మొదలైతే మార్చి మొదటి వారం దాకా ఆ చెట్టును ఎవరూ కదిలించకూడదు. ఈ తేదీ పట్టుకోండి, అసలు తగాదా అక్కడే.

పొద్దున పదకొండు నుంచి మూడు దాకా చెట్టు దరిదాపులకు పోవద్దు. ఆ ఎండకు తల్లి గానీ తండ్రి గానీ రెక్కలు గొడుగులా పట్టి పిల్లలకు నీడనిస్తుంది. మీరు పోయి దాన్ని లేపారంటే, గుడ్లకోసం కాకి కాచుకుని ఉంటుంది, పిల్లలకు ఎండ దెబ్బ. డ్రోన్ ఎగరేసే కుర్రాళ్ళకు ఇది ముందే చెప్పండి. చెప్పినా వినకపోతే, 1972 వన్యప్రాణి చట్టంలో గుడ్లు పాడుచేయడం, గూళ్ళను చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుందని చెప్పండి. ఆ మాటకు బాగా పని జరుగుతుంది, నేను చూశాను.

చింతచెట్టు ఓనరుతో మాట్లాడటం

అన్నిటికంటే కష్టమైన పని ఇదే, పక్షుల పుస్తకాల్లో ఎక్కడా ఉండదు.

చింతకాయ దులిపే కాలం, కొంగ పిల్లలు గూట్లో ఉండే కాలం ఒకటే. ఓనరు చెట్టును గుత్తకు ఇచ్చేసి ఉంటాడు. గుత్తేదారు ఫిబ్రవరిలో మనుషుల్ని తెచ్చి గడలతో దులిపిస్తాడు, కాయతో పాటు గూళ్ళూ రాలతాయి. ఆయనదీ తప్పనలేం, డబ్బు కట్టి ఉన్నాడు. పైగా చెట్టు కింద ఇల్లున్న వాళ్ళకు నీసు వాసన, మిద్దె మీద రెట్టలు, ఆరేసిన బట్టలు పాడు, మంచినీళ్ళ తొట్టిలో చేప ముక్కలు. ఇదంతా మీరు ఒక నెల అనుభవించి చూడండి, తర్వాత వాళ్ళకు నీతులు చెప్పవచ్చు.

మా దగ్గర ఒక పెద్దాయన చెట్టు మీద ముప్పై దాకా గూళ్ళుండేవి. నేను మొదటిసారి పోయి చట్టం గిట్టం అన్నాను. "ఏందబ్బయా, నా చెట్టు నా ఇష్టం కాదంటావా" అని లేచాడు. ఆ ఏడాది ఇక నాతో మాట్లాడలేదు. మరుసటి ఏడాది మా అమ్మ పోయి వాళ్ళావిడతో మాట్లాడింది, పని అయింది. అందులో నాకు అర్థమైంది ఏమిటంటే, సంక్రాంతికి ముందే మాట్లాడాలి, గుత్త కుదరక ముందే. ఆ చెట్టుకు గుత్త ఎంత వస్తుందో కనుక్కుని, గూళ్ళున్న కొమ్మలు వదిలేసి మిగతావే దులిపితే ఎంత తగ్గుతుందో ఆయన్నే చెప్పమనండి. ఆ తేడా ఊళ్ళో పది మంది కలిసి వేసుకోవచ్చు, సర్పంచ్‌ను అడగవచ్చు. కర్ణాటకలో కొక్కరె బెళ్ళూరు అనే ఊళ్ళో గూళ్ళున్న చెట్ల ఓనర్లకు అటవీశాఖే పరిహారం ఇస్తుంది, ఆ మాట రేంజ్ ఆఫీసుకు అర్జీలో రాయండి. అర్జీకి జవాబు రావడానికి టైము పడుతుంది, ఈలోపు కొంగలు ఆగవు కదా, అందుకే ముందు చందాలే.

మిద్దె మీద టార్పాలిన్ కట్టివ్వండి, తొట్టికి మూత చేయించండి. రెట్టలు పడ్డ మట్టి ఊడ్చి పొలానికి తోలుకుంటే మంచి ఎరువు. నేలపట్టు వైపు రైతులు కొంగల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పారితే పంట బాగా వస్తుందని ఎప్పటి నుంచో చెప్పే మాటే. పెద్దాయనకు ఈ లెక్క నా చట్టం కంటే బాగా ఎక్కింది.

టపాకాయల మాట కూడా అప్పుడే ఎత్తండి. తమిళనాడు శివగంగ జిల్లాలో కొల్లుకుడిపట్టి ఊరి వాళ్ళు పక్కనున్న వేట్టంగుడి పక్షుల కోసం దీపావళికి టపాకాయలు కాల్చరు. మనకు అంత వద్దులెండి, చెట్టున్న వీధిలో మానేసి, తిరునాళ్ళప్పుడు డీజే పెట్టెల్ని అవతలి వైపుకు తిప్పినా చాలు.

పిల్ల కింద పడితే

గాలికి, తోపులాటకు పిల్లలు పడుతుంటాయి. తుపాను రోజుల్లో అయితే కొమ్మలతో సహా. చాలాసార్లు తల్లి కిందికి దిగి మేపదు. పడ్డదాన్ని చూడగానే కుక్కల్ని తోలండి, జనాన్ని వెనక్కి పంపండి, అటవీశాఖ బీట్ ఆఫీసరుకు ఫోన్ చేయండి. ఆయన నంబరు గూళ్ళు మొదలైనప్పుడే తీసుకుని పెట్టుకోవాలి, పిల్ల పడ్డాక ఆదివారం పూట నంబరు కోసం వెతికితే అయ్యే పని కాదు. వాళ్ళొచ్చేలోపు గ్లవుజులు వేసుకుని, పైన పాత బట్ట కప్పి, రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకుని గాలి ఆడే అట్టపెట్టెలోనో వెదురు గంపలోనో పెట్టి, నీడలో, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచండి. ముక్కుతో కంటి వైపే పొడుస్తుంది, మొహం దూరంగా పెట్టుకోండి. నోట్లో నీళ్ళు పోయొద్దు, పాలు వద్దు, అన్నం ముద్దలు అసలే వద్దు. ఇంటికి తీసుకుపోయి పెంచుకోవడం నేరం.

చచ్చిన పక్షుల దగ్గర జాగ్రత్త. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో కోళ్ళకు బర్డ్ ఫ్లూ వచ్చింది, గుర్తుండే ఉంటుంది. ఒకేసారి మూడు నాలుగు పక్షులు కారణం తెలియకుండా చచ్చి కనపడితే చేత్తో ముట్టుకోకుండా పశువుల డాక్టరుకూ అటవీశాఖకూ చెప్పండి. ఫొటో తీసి, చోటు రాసి, కుక్కలు లాగకుండా చూడండి, అంతవరకే మీ పని.

కరెంటు తీగలు, దారాలు, గుళికలు

కొంగకు రెక్కలు పెద్దవి, స్తంభం మీద వాలి రెక్కలు చాపితే రెండు తీగలు తగులుతాయి. పొద్దున మంచులో తీగ కనపడక గుద్దుకుంటాయి. మీరు గూళ్ళ నుంచి చెరువుకు అవి పోయే దారిలో ఉన్న లైను వెంట నెలకోసారి నడవండి. కింద ఈకలో కళేబరమో కనపడితే ఫొటో, తేదీ, స్తంభం నంబరు. ఒక్క పక్షి గురించి చెప్తే ఎవరూ కదలరు, ఒకే స్తంభం కింద మూడు చచ్చినట్టు కాగితం మీద చూపిస్తే కరెంటు ఆఫీసు ఏఈ గారు లైన్‌మన్‌ను పంపుతారు. స్తంభం మీది జంపర్ తీగకు ఇన్సులేషన్ తొడుగు వేయడం, తీగకు మెరిసే బిళ్ళలు కట్టడం, అడగాల్సింది ఈ రెండే. తీగల జోలికి మీరు పోవద్దు.

రొయ్యల గుంటల వాళ్ళు పక్షులు దిగకుండా పైన సన్నటి నైలాన్ దారాలు కడతారు. అది కంటికి ఆనదు, రెక్క చిక్కుకుంటే విదిలించే కొద్దీ కోసుకుపోతుంది. రైతుకు నష్టం నిజమే, ఒక్కో గుంట మీద లక్షలు పెట్టి ఉంటాడు. దారం తీసేయమనకండి, దానికి గజానికొక రంగు గుడ్డపీలికో రిబ్బనో కట్టమనండి. పక్షి దూరం నుంచే చూసి తప్పుకుంటుంది, ఆయన రొయ్యలూ మిగులుతాయి.

గుళికల మందు కలిపిన చేపలు గట్టున కనపడ్డా, రాత్రి పూట వలలతో మనుషులు కనపడ్డా మీరు ఎదురు పోవద్దు. నేను ఒకసారి పోయాను, తిట్లు తిని వచ్చాను, తన్నులు తప్పాయి. బండి నంబరు, టైము చూసుకుని బీట్ ఆఫీసరుకు, ఆయన ఎత్తకపోతే 112కు చెప్పండి. చెరువులో చేపలు పట్టే యానాది పెద్దలతో ముందు నుంచీ మంచిగా ఉండండి. ఏ గట్టున ఏ పక్షి దిగింది, ఎవరు కొత్తగా తిరుగుతున్నారు అన్నది మన బైనాక్యులర్ కంటే వాళ్ళకు ముందు తెలుస్తుంది. మా తెల్లమెడ కొంగ జంట ఎక్కడ తిరుగుతుందో నాకు చూపించింది ఒక యానాది తాతే.

ఫొటోలు ఎప్పుడు పెట్టాలి

గూళ్ళ ఫొటోలైతే పిల్లలు ఎగిరాక పెట్టండి. నల్లకొంగదైతే అది వెళ్ళిపోయాక. చెరువు పేరు, లొకేషన్ తీసేయండి, వెనక గుడి గోపురమో వాటర్ ట్యాంకో కనపడితే అది కూడా కత్తిరించండి, మన వాళ్ళు గోపురం చూసి ఊరు చెప్పేస్తారు. నాకు నల్లకొంగ కనపడ్డ రోజు ఆపుకోలేక ఒక్కడికి, ఒకే ఒక్క స్నేహితుడికి చెప్పాను. రెండో రోజు పొద్దున ఆ గట్టు మీద ఆరు కార్లు. పక్షి లేదు. మళ్ళీ ఆ చోట ఇంతవరకూ కనపడలేదు.

ఏప్రిల్ వచ్చేసరికి ఇక్కడ గూళ్ళు ఖాళీ, చెరువు అడుగంటి ఉంటుంది. నోటు పుస్తకంలో లెక్కలు వరసగా రాసి ఒక కాపీ అటవీశాఖకు, ఒకటి పంచాయతీకి ఇచ్చేయండి. తర్వాత నల్లకొంగ గూడు ఎట్లా ఉంటుందో చూడాలనిపిస్తే ఎస్తోనియా, లాత్వియా అడవుల్లో గూళ్ళ పైన కెమెరాలు పెట్టి యూట్యూబ్‌లో లైవ్ ఇస్తుంటారు, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా. టైములో వాళ్ళు మనకంటే రెండున్నర గంటలు వెనక, కాబట్టి మనకు పొద్దున ఏడున్నర అయితే అక్కడ అయిదు, అప్పుడే తెల్లవారి ఉంటుంది, తల్లి చేపలు తెచ్చి గూటి మధ్యలో కక్కుతుంటే పిల్లలు కొట్టుకుంటూ తింటుంటాయి. సౌండ్ కాస్త పెంచుకోండి, వెనక కోకిల జాతి పిట్ట కూడా వినపడుతుంది.